అతుకు పడిన షిల్లింగు

మా ఆయనకి రెండు కళ్లజోళ్లు, మూడు భూతద్దాలు, ఆవగింజ బరువు కూడా చెప్పగల త్రాసు ఒకటి ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా, పెళ్లయిన పన్నెండేళ్లపాటు నా మెడలో ఏం వేలాడుతోందో ఆయన ఒక్కసారి చూడలేదు. అసలు సంగతి ఇదే. మిగతాది కోపం చల్లారక చెబుతున్నాను.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన వస్తున్నారంటే కొట్ల వాళ్లు తూకం రాళ్లు సర్దుకునేవాళ్లు. ఆఫీసులో రాళ్ల పిచ్చి, ఇంట్లో నాణేల పిచ్చి. అన్ని నాణేలూ కాదు. పాత బ్రిటిష్ నాణేలు, అందులోనూ షిల్లింగులు, అందులోనూ విక్టోరియా రాణి పడుచు బొమ్మ ఉన్నవి. ముందు వైపు రాణి తల, వెనక ఆకుల దండ, దాని మధ్య ఇంగ్లీషు అక్షరాలు, పైన కిరీటం, కింద సంవత్సరం. రాణి ముసలిదైపోయినా షిల్లింగు మీద మాత్రం యాభై ఏళ్లు పడుచుగానే ఉంచారట. పెట్టి పుట్టింది. నాణేల సంఘంలో అందరూ మా ఆయన్ని ‘షిల్లింగు గారు’ అంటారు. మా వీధిలో ‘గారు’ లేకుండా అంటారు.

సెలవురోజు పొద్దున్నే జనం వచ్చేవారు. ఫోనులో ఏదో చూసి, తాత పెట్టెలోంచి తీసిన బిళ్లని రుమాల్లో చుట్టుకుని, “ఇది లక్షలు చేస్తుందట కదండీ!” అంటూ గుమ్మం ఎక్కేవారు. మా ఆయన మాట్లాడకుండా దాన్ని అంచుల దగ్గర రెండు వేళ్లతో పట్టుకునేవారు. ముఖాన్ని ముట్టుకోకూడదు, వేలి చెమట మచ్చ పడుతుంది. ముందు త్రాసులో వేస్తారు. మంచి షిల్లింగు అయిదున్నర గ్రాముల పైన చిన్న చిల్లర తూగాలి. తర్వాత అంచు గీట్లు చూస్తారు. పోత పోసిన దొంగ నాణెమైతే అంచు చుట్టూ సన్నని గీత దొరుకుతుంది. తర్వాత దీపం కింద వాల్చి, రాణి చెవి మీద జుట్టు ఎంత అరిగిందో చూస్తారు. అన్నీ అయ్యాక నెమ్మదిగా, “బూడిద పెట్టి తోమారా?” అంటారు. తోమితే నాణేనికి విలువ పోతుందని తెలియక, వచ్చినవాడు గర్వంగా తోమామంటాడు. “అయితే ఇద్దరు టీ తాగండి దీంతో,” అని చేతిలో పెట్టేస్తారు. నాకు అప్పుడు నవ్వొచ్చేది. ఆయన అంటే గౌరవంగా కూడా ఉండేది. అబద్ధమెందుకు?

ఆయనకి రెండు నియమాలు ఉండేవి. మొదటిది, తన దగ్గర ఏ సంవత్సరం షిల్లింగు లేదో ఎవరికీ చెప్పకూడదు. చెబితే అమ్మేవాడి చెవిన పడుతుంది, పది ఉన్నది వంద అవుతుంది. సేకరించేవాళ్లంతా ఇంతేనట, కావలసినదాని వైపు చూడకుండా పక్కదాన్ని బేరమాడతారట. ఆయన చెక్కపెట్టె సొరుగులో మఖమలు గుడ్డ మీద నలభై తొమ్మిది గుంటలుండేవి, ఒక్కో సంవత్సరానికి ఒక్కో గుంట. పక్కన అంకెలు కూడా వేసుకోలేదు, తనకే తెలిసిన గుర్తులేవో పెట్టుకున్నారు. సొరుగుకి తాళం. ఒకటో రెండో ఖాళీ ఉన్నాయని నాకు తెలుసు. ఏవి అని అడిగితే, “నీకెందుకే, నువ్వేమైనా తెచ్చిపెడతావా?” అనేవారు.

రెండో నియమం, అతుకు పడిన నాణేన్ని చూడకూడదు. ఎవరైనా లాకెట్టుగా చేయించుకున్నది, బొత్తాముగా కుట్టించుకున్నది తెస్తే భూతద్దం ముట్టుకునేవారు కాదు. “టంకం తగిలిందా, ఇక అది నాణెం కాదు, వెండి ముక్క. తూకానికి అమ్ముకోండి,” అనేవారు. కళ్లు కూడా పక్కకి తిప్పుకునేవారు, పాచిపోయినదేదో చూసినట్టు.

నా మెడలో ఉన్నది అలాంటిదే.

మా అమ్మమ్మ ఓడరేవు దగ్గర బసలో దుప్పట్లు ఉతికేది. ఎవరో ఓడ ఉద్యోగి ఇచ్చిన బిళ్ల అట. దీపాలు బాగుచేసే మా చిన్నతాత దానికి టంకం పెట్టి చిన్న రింగు అతికించాడు. అమ్మమ్మ మెడలోంచి అమ్మ మెడలోకి వచ్చింది. నాకు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వచ్చిన రోజున అమ్మ తన మెడలోంచి తీసి నాకు వేసింది. “ఇది అమ్ముకునే రోజు నీకు రాకూడదే. వస్తే మాత్రం ఊరికే ఇవ్వకు, దాని విలువ కనుక్కుని ఇవ్వు,” అంది. ఆ తర్వాతి ఏడే అమ్మ పోయింది. పని చేసుకుంటూ దాన్ని పెదాల మధ్య పెట్టుకోవడం నాకు అలవాటు. అక్షరాలు చూసే కళ్లు కదా నావి, వెనకున్న అంకెలు కంఠతా వచ్చు: 1854.

పంతొమ్మిదేళ్ల కిందట ఒకరోజు మా ఆయన ఆఫీసు నుంచి పరుగులాంటి నడకతో వచ్చారు. ఊళ్లో ఆమధ్య చనిపోయిన ఒక డాక్టరుగారి నాణేలు ఆయన కొడుకులు అమ్మేస్తున్నారట. అందులో ఒక షిల్లింగు ఉందట. “పదకొండేళ్లుగా చూస్తున్నానే దానికోసం. నేను తీసుకోకపోతే రేపు ఎవడో ఎగరేసుకుపోతాడు,” అన్నారు. డబ్బు చాలలేదు. ఇంట్లో వెండి అంతా బల్ల మీద పోశారు. విరిగిన చెంచా, పాత కుంకుమభరిణ మూత, మా పాప చిన్నప్పటి మొలతాడు. చివరికి నా మెడ వైపు చెయ్యి చాపారు. ముఖం వైపు చూడలేదు, గొలుసు వైపే చూశారు.

“ఇది అమ్మదండీ,” అన్నాను.

“అమ్మది కాదనలేదు. అయినా వెండేగా. తర్వాత ఇంతకంటే మంచిది చేయిస్తాను.”

“పోనీ అద్దం పెట్టి ఒకసారి చూడండి. దానిమీదా రాణి ఉంది. విలువ కనుక్కోకుండా ఇవ్వొద్దంది అమ్మ.”

“అతుకు పడింది కదే! ఏం చూడమంటావ్? అందరి మెడల్లోనూ రాణే.”

త్రాసులో వేశారు. రింగుతో కలిపి ఆరు గ్రాములు తూగింది. కాగితంలో మిగతా ముక్కలతో కలిపి పొట్లం కట్టారు. నేను ఇంకోసారి అడిగి ఉండొచ్చు. చెయ్యి పట్టుకుని ఆపి ఉండొచ్చు. ఆ రోజుల్లో నా నోట్లో నాలుక లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆయన మీదకంటే నా మీదే నాకు ఎక్కువ మంట. వెండి పనివాడు అప్పటికప్పుడు అన్నీ మూసలో వేసి కరిగించాడని ఆయనే చెప్పారు, బాగా తూకం వచ్చిందని మెచ్చుకుంటూ.

ఆ సాయంత్రం డాక్టరుగారి షిల్లింగు గుంటలో కూర్చుంది. 1850 నాటిదట. ఆయన ముఖం పెళ్లినాడు కూడా అంత వెలగలేదు. “ఇంకొక్కటే,” అన్నారు సొరుగు మూస్తూ. ఏదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మంచి గొలుసు చేయిస్తానన్న మాట ఆ సొరుగులోనే పడి మూతబడింది. కొన్నాళ్లు పని మధ్యలో నా వేళ్లు గొంతు దగ్గరకి వెళ్లి, ఏమీ దొరక్క తిరిగొచ్చేవి. తర్వాత పెన్సిలు కొరకడం అలవాటైంది.

ఆ ఒక్కదాని కోసం పంతొమ్మిదేళ్లు తిరిగారాయన. వేలంపాటల పట్టీలు తెప్పించారు, సెలవులన్నీ రైళ్లలో గడిపారు, దొంగదాన్ని రెండుసార్లు కొనబోయి తప్పించుకున్నారు. కళ్లు కాయలు కాచాయి. సొరుగులో గుంట అలాగే ఉంది.

కిందటి నెల మా అమ్మాయి వచ్చి అటక దులిపింది. అది ఆసుపత్రిలో నర్సు, రెండు వీధుల అవతల ఉంటుంది. అటక మీద దాని మూడో తరగతి బొమ్మల పుస్తకం దొరికింది. ఇంట్లో ఉన్న వస్తువుల అచ్చులు తీసుకురమ్మని టీచరు చెప్పిందట అప్పట్లో. వస్తువు మీద కాగితం వేసి పెన్సిలుతో రుద్దితే అచ్చు తేలుతుంది కదా, అలాగ. ఒక పేజీలో తాళంచెవి, ఒక పేజీలో దువ్వెన, ఒక పేజీలో గుండ్రంగా నల్లగా ఒక బిళ్ల. పైన రింగు కూడా పడింది. కింద వంకర టింకర అక్షరాలతో ‘ఇది మా అమ్మ మెడలో బిళ్ల. అమ్మమ్మ ఇచ్చింది. మెరుస్తుంది’ అని రాసుంది. ఆ పక్కన టీచరు ఎర్రసిరా సంతకం, తేదీ.

“నాన్నా, చూడు, నేను కూడా నీలాగే!” అని నవ్వుతూ చూపించింది పిచ్చిది.

ఆయన నవ్వుతూనే అందుకున్నారు. తర్వాత నవ్వు ఆగింది. లేచి వెళ్లి భూతద్దం తెచ్చుకున్నారు. ఆ పేజీని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, దీపం కిందకి తెచ్చి, మళ్లీ కిటికీ దగ్గరకి తీసుకెళ్లారు. నాలుగో అంకెని వేలితో తడిమారు.

“ఇది ఎక్కడిది?” అన్నారు.

“రాసుంది కదండీ. నా మెడలోది.”

“ఆ బిళ్ల యాభైనాలుగుదా?”

“యాభైనాలుగే. పద్దెనిమిది వందల యాభైనాలుగు.”

కుర్చీలో కూలబడ్డారు. నేను భయపడి నీళ్లు తెచ్చాను. తాగలేదు. తలెత్తి, “ఎందుకు చెప్పలేదు?” అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. అమ్మాయి నావైపు, ఆయనవైపు చూసింది.

“ఏం చెప్పాలి?”

“యాభైనాలుగుదని! నీకు తెలుసు కదా, కంఠతా వచ్చు కదా! నా సొరుగులో లేనిది అదొక్కటే. ముప్పై ఏళ్లుగా లేనిది అదొక్కటే!”

“ఏది లేదో మీరు నాకు చెప్పారా? చూడమని నేను అడిగితే చూశారా?”

“అతుకు ఉంటే ఏం! అతుకు ఉన్నా గుంట నిండేది! దాన్ని కరిగించి యాభైది కొన్నాను... యాభైది ఎప్పుడో అప్పుడు దొరికేది!”

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మా ఇంట్లో చంకలో బిడ్డను కరిగించి ఊరంతా వెతికారు. మూడు రోజులు ఆయన సరిగ్గా తినలేదు. ఆయన ఏడుపు చూసి నాకు జాలి వేసింది, ఒప్పుకుంటాను. ఆ మూడు రోజుల్లో ఏదో ఒక పూట ‘అది మీ అమ్మది కదా’ అంటారేమోనని చూశాను. అని ఉంటే అన్నీ మర్చిపోయేదాన్ని. ఆయన అన్నదల్లా ‘మంచి స్థితిలో ఉండేది, కిరీటం కూడా సరిగ్గా పడింది’ అని. పంతొమ్మిదేళ్ల తర్వాత, పాప రుద్దిన పెన్సిలు మసిలో, నా మెడలోది మొదటిసారి చూశారు.

నాలుగో రోజు కత్తెర పట్టుకున్నారు. పుస్తకంలోంచి ఆ పేజీ చింపి, బిళ్ల అచ్చుని గుండ్రంగా కత్తిరించారు. పైన రింగు అచ్చుని కూడా వదిలేసి, సరిగ్గా షిల్లింగు అంత చేశారు. దాన్ని ఖాళీ గుంటలో పెట్టారు. మిగిలిన కాగితాన్ని, మధ్యలో గుండ్రటి చిల్లుతో, పాప అక్షరాలతో, ఎర్ర సంతకంతో సహా, చెత్తబుట్టలో వేశారు. నేను తీసి, మడత పెట్టి, అచ్చాఫీసులో నా బల్ల సొరుగులో దాచుకున్నాను.

నాణేల సంఘం మూడు నెలలకోసారి ఒక చిన్న పత్రిక వేస్తుంది. అది మా అచ్చాఫీసులోనే అచ్చవుతుంది, ప్రూఫులు నా బల్ల మీదికే వస్తాయి. వారం తిరక్కుండా ఒక వ్యాసం వచ్చింది. ‘మన ఊళ్లో ఉండిన ఒక అరుదైన షిల్లింగు’. రాసింది మా ఆయన. బాగానే రాశారు. బరువు, అంచు, ఆ సంవత్సరపువి ఎందుకు అరుదు, దొంగవాటిలో నాలుగో అంకెని ఎలా చెక్కుతారు, అన్నీ ఉన్నాయి. చివర్లో నాణెం ఎవరి చేతుల్లోంచి ఎవరికి వచ్చిందో రాయడం వాళ్ల ఆచారం. అక్కడ ఇలా ఉంది: ‘పూర్వం ఓడరేవు ప్రాంతపు ఒక స్త్రీ వద్ద ఉండి, అనంతరం మా ఇంటికి చేరింది. ఇంటి ఆడవారి అజ్ఞానం వల్ల కరిగిపోయింది.’

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు దిద్దిన దాన్ని. నా చేతిలో ఉన్న పెన్సిలు మొన విరిగింది. ప్రూఫులు దిద్దేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. అక్షరం తప్పయితే దిద్దొచ్చు. విషయం తప్పయితే ముట్టుకోకూడదు, పక్కన ప్రశ్న గుర్తు వేసి రచయితకి పంపాలి. ఆయన సంతకం పెడితేనే అచ్చు. నేను కట్టుబాటు దాటలేదు. ‘అజ్ఞానం’ కింద గీత గీసి, పక్కన ‘ఎవరిది? రచయితను అడగాలి’ అని రాశాను.

రెండు రోజులకి సంఘం కార్యదర్శి ఆ ప్రూఫు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. పోస్టుమాస్టరు చేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతారు, సూటిగా గుచ్చుతారు.

“షిల్లింగు గారూ, వ్యాసం బ్రహ్మాండం. కాకపోతే ఒక చిక్కు. మీరు చూపించిన అచ్చు చక్కగా ఉంది, మరీ చక్కగా ఉంది. ఇలాంటిది ఎక్కడి నాణెం మీద రుద్దినా వస్తుంది కదా, మీ ఇంట్లోదే అనడానికి ఆధారమేమిటని మనవాళ్లు అడుగుతున్నారు. లాకెట్టు అన్నారు, రింగు గుర్తేదీ?”

“మా అమ్మాయి స్కూలు పుస్తకంలోదండీ. కింద రాసి కూడా ఉంది. టీచరు సంతకం, తేదీ...” మా ఆయన ఆగిపోయారు. కత్తెర గుర్తొచ్చినట్టుంది.

“ఆ కాగితం మిగతాది ఉంటే ఇంకేం కావాలండీ! దాని వల్లే నమ్మకం. ఏదీ, చూపించండి.”

ఇంటికొచ్చిన వాళ్లందరినీ ఆయన తిట్టే తిట్టు ఒకటుంది: ‘నాణెంతో పాటు వచ్చిన చీటీని పారేస్తారా, బుద్ధి లేదా!’ అని. ఇప్పుడు ఆయన నావైపు చూశారు. మొదటిసారిగా నా ముఖంలోకి తిన్నగా చూశారు.

“నా దగ్గరుంది అన్నయ్యగారూ,” అన్నాను కార్యదర్శితో. “ఇస్తాను. ఆ ప్రశ్న గుర్తుకి ఆయన్ని జవాబు రాయమనండి. ‘ఇది మా అత్తగారిది. నా భార్య చూడమని అడిగింది. నేను చూడకుండా కరిగించాను.’ మూడు వాక్యాలు. అంతే.”

కార్యదర్శి టీ కప్పు కింద పెట్టారు. “అవునా,” అన్నారు. ప్రూఫు బల్ల మీద పెట్టి, “శనివారం లోపల పంపండి,” అని లేచారు.

కార్యదర్శి వెళ్లాక మా ఆయన ప్రూఫుని అవతలికి నెట్టారు.

“అది రాస్తే రేపు నా దగ్గరికి నాణెం పట్టుకుని ఎవడైనా వస్తాడా? సొంత ఇంట్లోదే చూడలేదు, మాది ఏం చూస్తావంటారు. నలభై ఏళ్ల పేరే అది.”

“అందుకని నా అజ్ఞానం అని రాశారా?”

“ఎవరి పేరూ రాయలేదుగా! నిన్ను ఎవరు చూడొచ్చారు, ఏ సంఘంలో ఉన్నావు నువ్వు? నీకు పోయేదేముంది?”

నిజమే, ఆయన లెక్కలో నాకు పోయేదేమీ లేదు. పోవలసినది పంతొమ్మిదేళ్ల కిందటే పోయింది. “సంతకం పెడతారో మానతారో మీ ఇష్టం,” అన్నాను.

శనివారం వరకూ ప్రూఫు బల్ల మీదే ఉంది. ఆయన రెండుసార్లు పెన్ను మూత తీశారు, పెట్టారు. పత్రిక ఆయన వ్యాసం లేకుండానే వచ్చింది. ఆ పేజీల్లో నాణేల పెట్టెల ప్రకటన వేశారు. దాని ప్రూఫు కూడా నేనే చూశాను, తప్పులేం లేవు. సంఘంలో ఇప్పుడు ఆయన్ని చూసి కొందరు నవ్వుకుంటున్నారట, కాగితం షిల్లింగు గారని. అబద్ధాలకోరని వాళ్లు అనుకున్నా ఆయన భరిస్తున్నారు గానీ ఆ మూడు వాక్యాలు మాత్రం రాయలేదు.

నిన్న అమ్మాయి వచ్చింది. జరిగిందంతా విని దానికి ఏడుపొచ్చింది. చెత్తబుట్టలో పడింది తన రాతే కదా. అచ్చాఫీసు నుంచి నేను ఇంటికి తెచ్చిన చిల్లు కాగితం నా చేతిలోంచి తీసుకుంది, వాళ్ల నాన్నని తాళంచెవి అడిగి సొరుగులోంచి గుండ్రటి ముక్క తీసుకుంది. రెండింటినీ బల్ల మీద దగ్గర పెట్టి, జిగురు డబ్బా మూత తీసింది. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వద్దనలేదు.

“అమ్మా, అతికించెయ్యనా?” అంది.

“వద్దు తల్లీ,” అన్నాను. “అతుకు పడితే మీ నాన్న చూడరు.”